పిల్లాడి తిండికి రోజుకు 8 రూపాయలు: పోషకాహార పథకాల లెక్క ఎలా వేస్తారు?

అంగన్‌వాడీకి వచ్చే ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ఒక్కొక్కరికి రోజుకు 8 రూపాయలు. అదనపు పోషకాహారం కోసం కేంద్రం 2017లో ఖరారు చేసిన రేటు ఇది. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు 12 రూపాయలు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 9 రూపాయల 50 పైసలు. ఏడాదికి 300 రోజుల చొప్పున ఇస్తారు. హైదరాబాద్‌లో ఇరానీ హోటల్‌కి వెళ్తే 8 రూపాయలకు చాయ్ కూడా రాదు.

మరి ఈ రేటుతో పథకం ఎలా నడుస్తోంది? డబ్బు ఎవరిస్తారు? మన బస్తీలో ఎంతమంది పిల్లలున్నారో ఢిల్లీలో, సచివాలయంలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? పోషకాహార పథకం అనగానే గుడ్లు, పాలు, బాలామృతం ప్యాకెట్లు గుర్తొస్తాయి. వాటి వెనకాల ఒక హిసాబ్ ఉంటుంది. ఆ హిసాబ్‌లో మన ఇంటి పేరు లేకపోతే గుడ్డు కూడా ఉండదు.

అవసరం ఎంత ఉంది

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. తెలంగాణలో ఇది 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. తెలంగాణలో ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలు 21.7 శాతం. రక్తహీనత లెక్క ఇంకా ఘోరంగా ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రాలో 63.2 శాతం మందికి రక్తం తక్కువ. తెలంగాణలో అంతకు ముందు సర్వేలో ఎత్తు తక్కువ పిల్లలు 28 శాతం దగ్గర ఉండేవారు. ఆ తర్వాతి సర్వేకి తగ్గాల్సింది పోయి పెరిగారు.

మనిషికి రోజుకు ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్ కావాలన్న లెక్క మన హైదరాబాద్‌ నుంచే దేశానికి వెళ్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆ పని చేస్తుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలైన ఈ సంస్థ 1958లో ఇక్కడికి వచ్చింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం తెచ్చినప్పుడు అంగన్‌వాడీ పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ అదనంగా అందాలని షెడ్యూల్‌లో రాశారు. గర్భిణులకు, బాలింతలకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ అన్నారు. 2023 జనవరిలో ఆ షెడ్యూల్‌ను సవరించి విటమిన్లు, ఖనిజాల లెక్కలు కూడా చేర్చారు. అంటే ఏం పెట్టాలో చట్టంలో ఉంది. ఎంతలో పెట్టాలన్నది వేరే ఉత్తర్వులో ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి కలవాలని రూలేమీ లేదు. సమస్య అక్కడే మొదలవుతుంది.

మొదటి మెట్టు తలల లెక్క

ఏ పథకానికైనా ఖర్చు అంటే ఎంతమంది, ఒక్కొక్కరికి ఎంత, ఎన్ని రోజులు అనే మూడు అంకెల గుణకారమే. మొదటి అంకె తప్పితే మిగతా రెండూ సరిగ్గా ఉన్నా లాభం లేదు.

గర్భిణుల సంఖ్యకు ఆరోగ్య శాఖ ఒక సూత్రం వాడుతుంది. 5,000 జనాభా ఉన్న ఉపకేంద్రం తీసుకుందాం. వెయ్యికి 16 మంది పుడతారని అనుకుంటే ఏడాదికి 80 కాన్పులు. గర్భస్రావాల వంటివాటి కోసం మరో 10 శాతం కలిపితే 88 మంది గర్భిణులు. మాత్రలు, టీకాలు, పరీక్షల సామాను అంతా ఈ 88 చుట్టూ తిరుగుతుంది.

మరి ఆ 5,000 అన్న జనాభా ఎక్కడిది? దేశంలో చివరిసారి జనగణన జరిగింది 2011లో. ఆ తర్వాత అంచనాలతోనే నడుస్తున్నాం. ఊళ్లలో ఇది కొంతవరకు నడుస్తుంది, ఎందుకంటే అంగన్‌వాడీ టీచర్‌కు ప్రతి ఇల్లూ తెలుసు. నగరాల్లో అలా కుదరదు. కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లు ఏడాదికో బస్తీ మారతారు. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి పేరు అత్తగారింటి దగ్గర రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి ఉండదు. పుట్టింటి దగ్గర మనిషి ఉంటుంది, పేరు ఉండదు. 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ ఉండాలన్నది నియమం. ఇరుకు గల్లీల్లో ఒక్కో భవనంలో ఏడెనిమిది కుటుంబాలు ఉండే చోట ఆ జనాభా నాలుగైదు గల్లీలకే నిండిపోతుంది.

2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో లబ్ధిదారుల పేర్లు ఎక్కిస్తున్నారు. ఇల్లు మారినవాళ్లను ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి అందులోనే బదిలీ చేసే వీలుంది. 2025 జులై 1 నుంచి ఇంటికి తీసుకెళ్లే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. దొంగ పేర్లు పోవాలన్నది ఉద్దేశం. ఫోన్ నంబర్ మారిన తల్లికి, నెట్‌వర్క్ దొరకని కేంద్రంలో నిలబడ్డ తల్లికి మాత్రం ఇది ఇంకో గడప.

ఒక అంగన్‌వాడీ ఖాతా పుస్తకం

కామర్స్ చదివినవాళ్లకు బ్యాలెన్స్ షీట్ చూస్తే తప్ప విషయం ఎక్కదు. అందుకే ఒక ఊహా కేంద్రం తీసుకుని లెక్క వేసి చూద్దాం. తెలంగాణలో ఒక అంగన్‌వాడీ. 60 మంది పిల్లలు, వాళ్లలో ముగ్గురికి తీవ్ర లోపం ఉంది. గర్భిణులు, బాలింతలు కలిపి 15 మంది.

కేంద్రం రేటు ప్రకారం 57 మంది పిల్లలకు 300 రోజులకు 1,36,800 రూపాయలు. తీవ్ర లోపం ఉన్న ముగ్గురికి 10,800. తల్లులకు 42,750. మొత్తం తిండి ఖర్చు 1,90,350 రూపాయలు. ఇందులో సగం కేంద్రం, సగం రాష్ట్రం పెట్టుకోవాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే కేంద్రం 90 శాతం ఇస్తుంది.

ఇప్పుడు మనుషుల ఖర్చు. తెలంగాణలో టీచర్‌కు నెలకు 13,650, ఆయాకు 7,800. ఏడాదికి ఇద్దరికీ కలిపి 2,57,400 రూపాయలు. అంటే తిండి కంటే మనుషుల ఖర్చే ఎక్కువ. ఇంకా కిరాయి, గ్యాస్, తూకం యంత్రాలు, రవాణా, శిక్షణ కలపలేదు. టీచర్ గౌరవవేతనానికి కేంద్రం 2018లో పెట్టిన అంకె 4,500 మాత్రమే, అందులోనూ దాని వాటా 60 శాతం. మిగతాదంతా రాష్ట్ర ఖజానా నుంచే. అదేమీ పెద్ద జీతమని అనుకోవద్దు. రిజిస్టర్లు, యాప్, వంట, బరువులు, బడి ముందు చదువు, ఇంటింటి సర్వే అన్నీ ఆ ఇద్దరివే.

అకౌంట్స్ భాషలో చెప్పాలంటే టీచర్, ఆయా, గది స్థిర వ్యయం. తిండి చర వ్యయం. పది మంది పిల్లలు వచ్చినా అరవై మంది వచ్చినా స్థిర వ్యయం మారదు. కాబట్టి కేంద్రం దగ్గరలోనే ఉండి రిజిస్టర్‌లో పేరు లేని ఒక పిల్లాడిని చేర్చుకుంటే ప్రభుత్వానికి అదనంగా అయ్యేది కేంద్రం రేటులో 8 రూపాయలు, 300 రోజులు, అంటే ఏడాదికి 2,400. తెరిచి పెట్టిన కేంద్రానికి పిల్లలు రాకపోవడం కంటే దుబారా ఇంకోటి లేదు. అయినా మన దగ్గర సమీక్షల్లో ఎన్ని కేంద్రాలు తెరిచామన్నదే గొప్పగా చెప్తారు.

రేటు పాతబడటం ఇంకో గొడవ. 2017 చివర్నుంచి 2025 మొదటి వరకు వినియోగదారుల ధరల సూచీ 40 శాతానికి పైగా పెరిగింది. ఆ లెక్కన 2017 నాటి 8 రూపాయలు 11 రూపాయలు దాటాలి. బడి పిల్లల మధ్యాహ్న భోజనం రేటు మాత్రం ఈలోగా మారుతూ వచ్చింది. ప్రాథమిక తరగతులకు 5.45 రూపాయలున్నది 2024 డిసెంబర్‌లో 6.19, 2025 మేలో 6.78 అయింది. ఈ రెండు రేట్లను నేరుగా పోల్చకూడదు, బడి రేటులో బియ్యం ధర కలవదు. అయినా ఒకటి కదులుతూ ఇంకోటి ఆగిపోవడం కనిపిస్తూనే ఉంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అంగన్‌వాడీ పోషకాహార రేట్లను తగినంతగా పెంచుతామని ప్రకటించారు. ఈ పథకం కింద 8 కోట్లకు పైగా పిల్లలు, కోటి మంది గర్భిణులు, బాలింతలు ఉన్నారని కూడా అదే ప్రసంగంలో చెప్పారు. అంతమందికి రోజుకు ఒక్క రూపాయి పెంచినా 300 రోజులకు 2,700 కోట్లు. 2025-26లో సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0కి కేంద్రం పెట్టిన మొత్తం 21,960 కోట్లు. రేటు పెంచడానికి ఢిల్లీ ఎందుకంత ఆలోచిస్తుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

రాష్ట్రాలు కలిపేది

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, రోజుకో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. గుడ్డు 6 రూపాయలు, పాలు లీటరు 60 అనుకున్నా ఈ రెండింటికే 18 రూపాయలు. కేంద్రం రేటు 9.50. అన్నం, పప్పు, కూర, నూనె సంగతి ఇంకా ఎత్తలేదు. ఆ తేడా అంతా రాష్ట్రమే మోయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబర్ 7న తెచ్చిన సంపూర్ణ పోషణ పథకంలోనూ ఇదే తీరు, 77 గిరిజన మండలాలకు ప్లస్ పేరుతో ఇంకొంచెం ఎక్కువ పెట్టారు. రాష్ట్ర ఖజానా బాగున్నంత కాలం ఇవి బాగుంటాయి. బిల్లులు ఆగితే గుడ్లు ఆగుతాయి.

ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. రోజుకు 100 గ్రాములు, నెలకు 25 రోజులు, ఏడాదికి 300 రోజులు, లెక్క సరిపోయింది. కాకపోతే ప్యాకెట్ ఇంటికొచ్చాక ఆ ఒక్క పిల్లాడే తింటాడా? ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురూ తింటారు. ఏ తల్లీ ఒకరికి పెట్టి ఇద్దరిని చూస్తూ ఉండమనదు. ఇలా పంచుకోవడాన్ని ఖర్చు అంచనాల్లో ముందే కలుపుకోవాలి. కలపకపోతే కాగితం మీద 100 గ్రాములు, కడుపులో 35 గ్రాములు.

కొన్నిసార్లు ప్రభుత్వాలు వండి పెట్టడం కంటే కిట్లు పంచడానికి మొగ్గు చూపుతాయి. 2022 డిసెంబర్‌లో తెలంగాణలో తొమ్మిది జిల్లాల గర్భిణులకు పోషకాహార కిట్లు మొదలుపెట్టారు. పోషకాల పౌడర్, ఖర్జూరాలు, నెయ్యి, ఐరన్ సిరప్ ఉన్న ఒక్కో కిట్ విలువ 1,962 రూపాయలని అప్పట్లో చెప్పారు. గర్భంతో ఉన్నప్పుడు రెండుసార్లు, అంటే మనిషికి 3,924. ఖర్జూరం మంచిదే, కాదనేది లేదు. కానీ ఆ డబ్బుకు 6 రూపాయల చొప్పున 654 గుడ్లు వస్తాయి. కిట్ ఫోటోలో బాగా కనపడుతుంది, గుడ్డు కనపడదు. ఇది నా అభిప్రాయం మాత్రమే.

రెండు శాఖలు, రెండు జేబులు

చాలామందికి తెలియనిది ఒకటుంది. పిల్లల పోషణకు డబ్బు ఒకే చోటు నుంచి రాదు. అంగన్‌వాడీ తిండి మహిళా శిశు సంక్షేమ శాఖది. ఐరన్ మాత్రలు, విటమిన్ ఎ, నులిపురుగుల మందు, పోషకాహార పునరావాస కేంద్రాలు ఆరోగ్య శాఖవి. బలవర్ధక బియ్యం ఆహార శాఖది. 2024 అక్టోబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఆ బియ్యం కోసమే 2028 డిసెంబర్ వరకు 17,082 కోట్లకు ఆమోదం ఇచ్చింది.

ఆరోగ్య శాఖ వైపు ప్లాన్ ఎలా తయారవుతుందంటే, జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రతి రాష్ట్రం కార్యక్రమ అమలు ప్రణాళిక రాసి ఢిల్లీకి పంపుతుంది. 2022-23 నుంచి రెండేళ్లకు ఒకసారి రాస్తున్నారు. జిల్లాల నుంచి వచ్చిన అవసరాలు కలిపి, ఒక్కో పనికి యూనిట్ రేటు, సంఖ్య వేసి పంపితే కేంద్రం ఒక్కో లైన్ చూసి ఒప్పుకోవడమో, తగ్గించడమో చేస్తుంది. ఒప్పుకున్నదాంట్లో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. జిల్లాలో అడగని వస్తువు ఈ ప్రణాళికలోకి రాదు, ప్రణాళికలో లేనిది రెండేళ్లపాటు ఆసుపత్రికి రావడం కష్టం.

ఐరన్ మాత్రలనే చూడండి. గర్భిణికి 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు రోజుకో మాత్ర ఇవ్వాలి. మన 5,000 జనాభా ఉపకేంద్రంలో 88 మందికి 15,840, కాన్పైన 80 మందికి 14,400. మొత్తం 30,240 మాత్రలు. కొనడం పెద్ద ఖర్చు కాదు. కానీ సర్వే ప్రకారం దేశంలో గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు మాత్రలు మింగినవాళ్లు 26 శాతమే. వికారం వస్తుంది, మలం నల్లగా వస్తుంది, బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో అంటారు, డబ్బా అల్మారాలో ఉండిపోతుంది. నలుగురికి కొని ఒకరు మింగితే మాత్ర అసలు ధర నాలుగింతలైనట్టే. అందుకే ఖర్చు వేసేటప్పుడు ఏఎన్ఎం, ఆశా కూర్చుని మాట్లాడే సమయానికి కూడా డబ్బు వేయాలి. అది మాత్ర కంటే ఖరీదు, దాన్నే ముందు కోస్తారు.

జబ్బు పడ్డాక ఖర్చు

తీవ్ర పోషకాహార లోపాన్ని గుర్తించడానికి ఒక చిన్న టేపు చాలు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, రెండు పాదాలకూ నీరు చేరి వాచినా, ఎత్తుకు తగ్గ బరువు మరీ తక్కువున్నా తీవ్ర లోపం కింద లెక్క. అందులోనూ ఆకలి లేకపోవడం, జ్వరం, విరేచనాలు, నిమోనియా వంటివి ఉంటే ఆసుపత్రిలో పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. హైదరాబాద్ నీలోఫర్‌లో అలాంటి కేంద్రం ఉంది. అక్కడ పాలు, చక్కెర, నూనెతో ప్రత్యేకంగా చేసిన ఆహారం కొలిచి పెడతారు, తల్లి కూలి పోతుంది కాబట్టి ఆమెకు రోజుకు కొంత పరిహారం కూడా పథకంలో ఉంది.

అయితే తీవ్ర లోపం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి వేరే జబ్బు ఉండదు, వాళ్లను ఇంటి దగ్గరే, అంగన్‌వాడీ ద్వారానే కోలుకునేలా చేయొచ్చు. 2023 అక్టోబర్‌లో కేంద్రంలోని రెండు శాఖలు కలిసి దీనికి ఒక పద్ధతి విడుదల చేశాయి. పడకలకు మాత్రమే బడ్జెట్ వేసి ఇంటి దగ్గర వైద్యానికి వేయని జిల్లాలో, పడక ఖర్చు పెరుగుతుంది, పిల్లలు ఆలస్యంగా వస్తారు.

ప్రపంచ బ్యాంకు 2024లో ఒక అంచనా వేసింది. పేద, మధ్య ఆదాయ దేశాల్లో పోషకాహార సేవలను విస్తరించడానికి 2025 నుంచి 2034 వరకు అదనంగా 128 బిలియన్ డాలర్లు కావాలట. ఏడాదికి ఒక గర్భిణికి 13 డాలర్లు, ఐదేళ్లలోపు ఒక బిడ్డకు 17 డాలర్లు. పెట్టిన ప్రతి డాలర్‌కు 23 డాలర్ల లాభం వస్తుందని కూడా లెక్కగట్టారు. ఈ 23ని ఎఫ్‌డీ వడ్డీలా తీసుకోకూడదు. బిడ్డ బతికి, చదివి, పనిచేసి సంపాదించేదంతా ఊహించి వేసిన లెక్క ఇది. ఏ ఆర్థిక మంత్రికీ తన ఐదేళ్లలో అది చేతికి రాదు.

కేటాయింపు వేరు, విడుదల వేరు

2018 మార్చి 8న రాజస్థాన్‌లోని ఝుంఝునులో పోషణ్ అభియాన్ మొదలైనప్పుడు మూడేళ్లకు 9,046 కోట్లు అన్నారు. 2020-21 బడ్జెట్‌లో దానికి 3,700 కోట్లు పెట్టి, కొవిడ్ ఏడాదిలో సవరించిన అంచనాకు వచ్చేసరికి 600 కోట్లు చేశారు. పేపర్‌లో కేటాయింపు చదివి సంతోషపడితే సరిపోదు. తర్వాతి ఏడాది సవరించిన అంచనా, ఆ పైన అసలు ఖర్చు చూడాలి. ఈ మూడు అంకెలూ ప్రతి బడ్జెట్ పుస్తకంలో ఉంటాయి.

ఇంటివాళ్లు చూసుకోవాల్సినవి

గర్భం తెలిసిన వెంటనే దగ్గరి అంగన్‌వాడీలో, ఏఎన్ఎం దగ్గర రెండు చోట్లా పేరు రాయించాలి. రెండు శాఖలు కాబట్టి ఒకచోట రాస్తే ఇంకోచోటికి పోతుందని అనుకోవద్దు. ఇల్లు మారితే యాప్‌లో బదిలీ చేయమని అడగాలి. బిడ్డకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదు అవుతుంది, దాని కోసం వెనక్కి పంపకూడదు. పుట్టింటికి వెళ్లినా అక్కడి కేంద్రంలో చెప్పాలి. నెలనెలా బరువు, ఎత్తు తీసి కార్డు మీద రాశారో లేదో చూడాలి. గుడ్లు, పాలు ఎన్ని రావాలో కేంద్రంలోనే అడిగి తెలుసుకుని, వచ్చినవాటితో సరిచూసుకోవాలి.

తక్కువైతే ముందు టీచర్‌ను కాదు, సూపర్‌వైజర్‌ను అడగడం మేలు. చాలాసార్లు టీచర్‌కే సరుకు రాదు. పోషణ్ హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఆహార భద్రతా చట్టం 15వ సెక్షన్ కింద ప్రతి జిల్లాలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంటుంది. హక్కుగా రావాల్సిన భోజనం అందకపోతే బదులుగా ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్ చెప్తోంది. అది అడగాలంటే మాత్రం రిజిస్టర్‌లో పేరు ఉండాలి.